క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు కండ కరగకుండా కాపాడుకోవడం ఎలా: కొలతలు, తిండి, వ్యాయామం వరుసగా

ఆపరేషన్ తేదీ చెప్పాక డాక్టరు గారు "ఈలోగా బాగా తినండి" అంటారు. ఇంటికొచ్చాక అసలు ప్రశ్న మొదలవుతుంది. బాగా అంటే ఎంత? ఏవి తినాలి? పేషెంటుకు ఆకలే లేకపోతే ఏం చేయాలి? పదే పదే ఇవే అడుగుతున్నారు కాబట్టి, తేదీ తెలిసిన రోజు నుంచి ఆపరేషన్ అయ్యి ఇంటికి చేరేదాకా ఏ పని ఎప్పుడు చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక హెచ్చరిక. కిడ్నీ జబ్బు, లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు, పేగు అడ్డుపడిందని డాక్టరు చెప్పినవాళ్లు కింది లెక్కలను సొంతంగా మొదలుపెట్టొద్దు. సర్జన్‌కు, డైటీషియన్‌కు చూపించి మార్పించుకోండి.

1. తూకం చూసి మోసపోవద్దు

గాయం మానడానికి, ఇన్‌ఫెక్షన్‌ను తట్టుకోవడానికి కావాల్సిన ప్రొటీన్‌ను ఆపరేషన్ తర్వాత శరీరం ఎక్కువగా కండ నుంచే లాక్కుంటుంది. గట్టిగా దగ్గి కఫం బయటికి తేవాలన్నా, మంచం దిగి నాలుగు అడుగులు వేయాలన్నా కండ ఉండాలి. కండ బాగా తగ్గాక ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లలో ఇన్‌ఫెక్షన్లు, న్యుమోనియా ఎక్కువగా కనిపిస్తాయి. ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులూ పెరుగుతాయి.

క్యాన్సర్‌లో కండ రెండు దారుల్లో పోతుంది. ఒకటి, తిండి తగ్గి పోవడం. రెండోది, జబ్బు వల్ల ఒంట్లో రేగిన ఇన్‌ఫ్లమేషన్ (జబ్బుతో పోరాడుతూ శరీరం రగిలిపోయే స్థితి) కండను కరిగించడం. దీన్ని డాక్టర్లు కెకెక్సియా అంటారు. ఒక్క తిండి పెంచినంత మాత్రాన ఇది పూర్తిగా వెనక్కి రాదు. అందుకే తిండి, వ్యాయామం, బాధలకు మందులు మూడూ ఒకేసారి నడవాలి.

లావుగా ఉన్న పేషెంటు విషయంలో ఇంట్లోవాళ్లు ఎక్కువగా పొరబడతారు. "పది కిలోలు తగ్గాడు, మంచిదేగా" అనుకుంటారు. ఆ పదిలో కండ ఎంత పోయిందో తూకం చెప్పదు. కొవ్వు పైన కనిపిస్తూ ఉంటే లోపల కండ పలచబడటం కంటికి తెలియదు. కాళ్లలోనో పొట్టలోనో నీరు పట్టినా బరువు తగ్గనట్టే కనిపిస్తుంది.

2. మొదటి రోజే ఈ కొలతలు రాసిపెట్టుకోండి

ఒక నోట్‌బుక్ దీనికే కేటాయించండి. ఆపరేషన్ దాకా వారానికోసారి అదే వేళకు, అదే తూకం మీద చూడాలి.

- బరువు తగ్గిన శాతం: ఆరు నెలల కిందటి బరువు పాత రిపోర్టుల్లో ఉంటుంది. అప్పుడు 64 కిలోలు, ఇప్పుడు 58 అనుకుంటే తగ్గింది 6 కిలోలు. 6ని 64తో భాగించి 100తో గుణిస్తే సుమారు 9.4 శాతం. ఆరు నెలల్లో 5 శాతం దాటితే చాలు, పట్టించుకోవాల్సిన విషయమే.
- కుర్చీ పరీక్ష: చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. కండ తగ్గుదల మీద పనిచేసే ఆసియా నిపుణుల బృందం 2019లో ఇచ్చిన కొలత ప్రకారం 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ బలం తగ్గిందని అనుమానించాలి. తూలిపోయే పేషెంటు అయితే పక్కన మనిషి నిలబడాలి.
- పిక్క చుట్టుకొలత: పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపుతో కొలవాలి. అదే బృందం లెక్కలో మగవాళ్లకు 34 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 33 కంటే తక్కువుంటే అనుమానం. కాళ్లు వాచి ఉంటే ఈ కొలత పనికిరాదు.
- చేతి పట్టు: దీనికి పరికరం కావాలి, ఆస్పత్రిలోనే కుదురుతుంది. మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోల లోపైతే తక్కువ.
- తిండి డైరీ: మూడు రోజుల పాటు ఏం తిన్నారో, పెట్టినదాంట్లో ఎంత మిగిలిందో రాయాలి. "బాగానే తింటున్నాడు" అన్న మాట డైరీ ముందు తరచూ నిలబడదు.

ఇంకొక చిన్న సంగతి అడిగి చూడండి. స్టేజ్ తెలుసుకోవడానికి తీసిన సీటీ స్కాన్‌లోనే, నడుము దగ్గర మూడో వెన్నుపూస మట్టంలో కండ ఎంతుందో కొలవొచ్చు. కొత్త స్కాన్ అక్కర్లేదు. అన్ని చోట్లా చేయరు, కానీ అడగడంలో తప్పు లేదు.

రక్తపరీక్షలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) తగ్గితే "ప్రొటీన్ తక్కువైంది, గుడ్లు పెట్టండి" అని చాలామంది అనేస్తారు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా ఆల్బుమిన్ పడిపోతుంది. ఆపరేషన్ రిస్కు ఎంతో చెప్పడానికి అది మంచి గుర్తే. ఏం తిన్నారో చెప్పడానికి మాత్రం నమ్మదగ్గది కాదు.

3. వెంటనే ఫోన్ చేయాల్సింది ఎవరు?

కింది వాటిలో ఒక్కటి ఉన్నా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకండి.

- ఆరు నెలల్లో 10 శాతం కంటే ఎక్కువ బరువు తగ్గడం
- బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 18.5 కంటే తక్కువ
- ఆల్బుమిన్ డెసీలీటరుకు 3 గ్రాముల లోపు
- వారం రోజులుగా మామూలు తిండిలో సగం కూడా దిగకపోవడం
- ద్రవాలు కూడా మింగలేకపోవడం, తిన్నదంతా వాంతి కావడం

ఇంత ఎక్కువ రిస్కు ఉన్నవాళ్లకు ముందు 7 నుంచి 14 రోజులు పోషణ ఇచ్చి, తర్వాత పెద్ద ఆపరేషన్ చేయాలని యూరప్ క్లినికల్ న్యూట్రిషన్ సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. అందుకోసం క్యాన్సర్ ఆపరేషన్‌ను కాస్త వెనక్కి జరపాల్సి వచ్చినా సరే అంటాయి. వాయిదా అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది, "ఈలోగా గడ్డ పెరిగిపోతుందేమో" అని. ఎన్ని రోజులు ఆగొచ్చో సర్జన్‌నే నేరుగా అడగండి. ఆ రోజుల్లో ఏం చేయాలో రాయించుకోండి. ప్లాన్ లేకుండా ఆగితే మాత్రం నష్టమే.

అతి ముఖ్యం: పది రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా దండిగా పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా పడిపోయి గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటివాళ్లకు ముందు విటమిన్ బి1 ఇస్తారు. రక్తపరీక్షలు చూసుకుంటూ, కొద్ది కేలరీలతో మొదలుపెట్టి కొన్ని రోజుల్లో పెంచుతారు. ఇది ఆస్పత్రి పర్యవేక్షణలో జరగాల్సిన పని.

4. రోజుకు ఎంత కావాలో లెక్క కట్టండి

- కేలరీలు: కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30
- ప్రొటీన్: కిలోకు 1 గ్రాము తప్పనిసరి, 1.2 నుంచి 1.5 గ్రాములు అందితే మేలు

60 కిలోల మనిషికి ఇది 1500 నుంచి 1800 కేలరీలు, 72 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ అవుతుంది. బాగా లావుగా ఉన్నవాళ్లకు, నీరు పట్టినవాళ్లకు తూకంలో కనిపించే బరువుతో లెక్క కట్టకూడదు. ఏ బరువు తీసుకోవాలో డైటీషియన్ చెబుతారు.

రెండు అంకెలూ అందాలి. కేలరీలు చాలకపోతే తిన్న ప్రొటీన్‌ను కూడా శరీరం కట్టెల్లా కాల్చేస్తుంది, కండకు మిగలదు. "పౌడర్ తాగుతున్నాడుగా" అని అన్నం, రొట్టె, నూనె తగ్గించేస్తే జరిగేది ఇదే.

5. ప్రొటీన్‌ను రోజంతా పంచండి

వయసు పైబడిన కొద్దీ, జబ్బులో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువగా, కొద్దిపాటి ప్రొటీన్‌కు కండ స్పందించదు. పూటకు 20 నుంచి 30 గ్రాములు పడితే నయం. ఉదయం టీ బిస్కెట్లు, రాత్రి ఒక్కసారిగా మాంసం అనే పద్ధతి అందుకే పనిచేయదు. పొద్దున పూటను సరిచేస్తే సగం పని అయిపోయినట్టే.

చేతికి దొరికే వాటిలో సుమారుగా ఎంత ప్రొటీన్ ఉంటుందంటే:

- గుడ్డు ఒకటి: 6 గ్రాములు
- పాలు 250 మిల్లీలీటర్లు: 8 గ్రాములు
- పెరుగు 100 గ్రాములు: 3.5 నుంచి 4 గ్రాములు
- వండిన చికెన్ 100 గ్రాములు: 27 గ్రాముల దాకా
- వండిన చేప 100 గ్రాములు: 20 నుంచి 25 గ్రాములు
- ఉడికిన గట్టి పప్పు 100 గ్రాములు: 8 నుంచి 9 గ్రాములు
- వేరుశనగలు 30 గ్రాములు: 7 గ్రాములు
- వెన్న తీసిన పాలపొడి రెండు పెద్ద చెంచాలు: సుమారు 5 గ్రాములు

60 కిలోల మనిషికి ఒక రోజు ఇలా ఉండొచ్చు. ఉదయం రెండు గుడ్లు, గ్లాసు పాలు: 20. మధ్యాహ్నం చికెనో చేపో 100 గ్రాములు: 25. సాయంత్రం వేరుశనగలు, చిన్న కప్పు పెరుగు: 11. రాత్రి 200 గ్రాముల గట్టి పప్పు: 16. పడుకునే ముందు పాలపొడి కలిపిన పాలు: 13. మొత్తం 85.

మాంసం ముట్టనివాళ్లు మధ్యాహ్నం పప్పుతో పాటు సోయా, పాల పదార్థాలు కలిపి ఆ 25 పూర్తి చేసుకోవాలి. నీళ్లలాంటి పప్పుచారును పప్పు కింద లెక్కేయొద్దు. మాంసం ఉడికించిన నీళ్లు, సూపు సంగతీ అంతే: రుచి నీళ్లలోకి దిగుతుంది, ప్రొటీన్‌లో చాలా భాగం ముక్కలోనే ఉండిపోతుంది.

6. ఆకలి లేకపోతే, తినలేకపోతే

చాలా ఇళ్లలో గొడవ ఇక్కడే. పెట్టేవాళ్లకు ఏడుపు, తినేవాళ్లకు కోపం. బలవంతం చేసే ముందు ఎందుకు తినలేకపోతున్నారో కనిపెట్టండి. కారణాల్లో చాలావాటికి మందుంది.

రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటే: రోజుకు మూడు పూటలు మానేసి, రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా ఆరుసార్లు పెట్టండి. తినేటప్పుడు నీళ్లు తాగించకండి. అరగంట ముందో తర్వాతో ఇవ్వండి. ముందు ప్రొటీన్ ఉన్న ముక్క, తర్వాత మిగతావి.

వికారం ఉంటే: వాంతుల మాత్ర తిండికి ముందే పడాలి. వికారం వచ్చాక కాదు, రాకముందే. వంట వాసన పడకపోతే చల్లారిన తిండి పెట్టండి.

నోరు పూసినా, రుచి మారినా: పుల్లనివి, కారం, గరగరలాడేవి ఆపేసి మెత్తగా చల్లగా ఇవ్వండి. మాంసం ఇనుములా రుచిస్తుందంటే గుడ్డు, పాలు, పప్పు వైపు తిరగండి. నోట్లో తెల్లటి పొర కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి.

మింగేటప్పుడు పట్టేస్తే, దగ్గు వస్తే: ఇది ఇంటి చిట్కాతో పోయేది కాదు. తిండి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆ రోజే ఫోన్ చేయాలి.

మలబద్ధకం: నొప్పి మాత్రలు, ముఖ్యంగా మార్ఫిన్ రకం వాడేవాళ్లలో ఆకలి చచ్చిపోవడానికి ఇదొక పెద్ద కారణం. పేషెంటు సిగ్గుపడి చెప్పడు, మీరే అడగండి. నొప్పి మాత్రతో పాటే విరేచనం సాఫీగా అయ్యే మందు రాయమనండి.

మలం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ వస్తే: క్లోమగ్రంథి (పాంక్రియాస్) క్యాన్సర్‌లో జీర్ణరసాలు చాలక కొవ్వు అరగదు. అప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఎంజైమ్ క్యాప్సూల్స్ రాస్తారు. వాటిని తిండికి గంట ముందు కాదు, మొదటి ముద్దతోనే మొదలుపెట్టి తింటూ వేసుకోవాలి.

దిగులు, నిద్రలేమి కూడా ఆకలిని చంపేస్తాయి. అవీ డాక్టరుకు చెప్పాల్సినవే.

7. బంధువుల సలహాలు వడకట్టండి

"తీపి మానేస్తే గడ్డకు తిండి దొరకదు" అన్నది అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా. తిండి ఆపినా రక్తంలో గ్లూకోజ్ ఆగదు. కండను కరిగించి మరీ శరీరం దాన్ని తయారు చేసుకుంటుంది. ఉపవాసం, పళ్లరసాల మీదే ఉండటం కూడా ఇదే కోవలోకి వస్తాయి. షుగర్ ఉన్నవాళ్లు తీపి అదుపులో ఉంచుకోవాలి, ఆ కారణం వేరు.

మూలికలు, వెల్లుల్లి మాత్రలు, జింగో, ఎక్కువ మోతాదు విటమిన్ ఇ లాంటివాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచొచ్చు. ఏవి వాడుతున్నా సీసాలతో సహా మత్తు డాక్టరుకు చూపించండి.

8. తిండి చాలనప్పుడు: సప్లిమెంట్, ట్యూబ్, సెలైన్

మొదటి మెట్టు తాగే న్యూట్రిషన్ సప్లిమెంట్. తిండి బదులు కాదు, తిండికి అదనం. భోజనానికి ముందు తాగిస్తే భోజనం పోతుంది. రెండు భోజనాల మధ్య, గుక్క గుక్కగా అరగంట సేపు తాగించండి. డబ్బా కొనేముందు ఒక్కసారికి ఎన్ని గ్రాముల ప్రొటీన్ వస్తుందో లేబుల్ మీద చూడండి. కొన్ని "శక్తినిచ్చే" పొడుల్లో చక్కెరే ఎక్కువ. ఆర్జినిన్, ఒమేగా-3 కలిసిన ప్రత్యేక ఫార్ములాలు కూడా ఉన్నాయి. పెద్ద ఆపరేషన్‌కు ముందు 5 నుంచి 7 రోజులు ఇస్తారు. ఇవి ఎవరికి అవసరమో సర్జన్ చెప్పాలి.

రెండో మెట్టు ట్యూబ్. ఐదు రోజులకు మించి నోటితో తినే వీలుండదని తెలిసినా, కావాల్సినదాంట్లో సగం కూడా వారానికి మించి దిగదని అనిపించినా ట్యూబ్ గురించి మాట్లాడాలి. ముక్కులోంచి ట్యూబ్ అనగానే "ఇక చివరి దశ" అని ఇంట్లోవాళ్లు భయపడతారు. ఆపరేషన్‌కు తట్టుకునేలా మనిషిని తయారుచేయడానికి వేసే ట్యూబ్ అది, పని అయ్యాక తీసేస్తారు.

- ట్యూబ్‌లో పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి
- ముందూ తర్వాతా సుమారు 30 మిల్లీలీటర్ల నీళ్లతో కడగాలి
- అయిపోయాక కనీసం అరగంట పడుకోబెట్టొద్దు

మూడో మెట్టు నరం ద్వారా ఇచ్చే పూర్తి పోషణ. పేగు పనిచేయనప్పుడే ఇది.

ఇక "నీరసంగా ఉంది, ఒక సెలైన్ పెట్టించండి" అనే మాట. 5 శాతం గ్లూకోజ్ సెలైన్ ఒక లీటరులో ఉండేది 50 గ్రాముల గ్లూకోజ్, దాదాపు 200 కేలరీలు. ప్రొటీన్ సున్నా. నీళ్లు తక్కువైనవాళ్లకు అది పనికొస్తుంది, కండకు కాదు.

9. వ్యాయామం: తిన్నది కండకు చేరాలంటే

ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనంలో, ఆ కొద్ది రోజుల్లోనే కాళ్ల నుంచి సుమారు కిలో కండ పోయింది. జబ్బు మనిషిని "రెస్ట్ తీసుకో" అని పడుకోబెట్టడం ప్రేమే, కాదనను. కానీ ఖర్చయ్యేది కండే.

- రోజూ నడక: పది నిమిషాల చొప్పున రెండు మూడుసార్లు మొదలుపెట్టి పెంచాలి. మాట్లాడగలిగేంత ఆయాసం ఉండొచ్చు.
- వారంలో రెండు మూడు రోజులు బలం పెంచేవి: కుర్చీలోంచి లేవడం 8 నుంచి 10 సార్లు, గోడకు చేతులు ఆనించి నెట్టడం, మడమలు ఎత్తి నిలబడటం. ఒక్కోటి రెండు విడతలు.
- ఊపిరి వ్యాయామం: మూడు బంతుల స్పైరోమీటర్ (ఊపిరి లోపలికి లాగితే బంతులు పైకి లేచే పరికరం) ఇస్తే ఆపరేషన్‌కు ముందు నుంచే అలవాటు చేసుకోవాలి.

ఎముకలకు జబ్బు పాకినా, ప్లేట్‌లెట్లు లేదా హిమోగ్లోబిన్ బాగా తగ్గినా, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం ఉన్నా డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. కీమో నడుస్తుంటే నీరసం ఉన్న రోజుల్లో సగం చేసినా చాలు, పూర్తిగా ఆపొద్దు. ఆపరేషన్‌కు ముందు కీమో పడేవాళ్లకు అదే అసలు సమయం. కండ ఎక్కువగా కరిగేదీ అప్పుడే, కాపాడుకోవడానికి వారాలు దొరికేదీ అప్పుడే.

సిగరెట్, మద్యం కనీసం నాలుగు వారాల ముందు ఆపాలి. తేదీ దగ్గర్లోనే ఉన్నా ఆపడమే మేలు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మాత్రం డాక్టరు సాయంతోనే మానాలి.

10. ముందు రోజు, ఆ ఉదయం

"రాత్రి నుంచి ఏమీ ముట్టొద్దు" అన్నది చాలామందికి అవసరం లేని కట్టుబాటు. కడుపు మామూలుగా ఖాళీ అయ్యేవాళ్లకు మత్తు ఇచ్చే 6 గంటల ముందు వరకు తేలికపాటి తిండి, 2 గంటల ముందు వరకు నీళ్లలాంటి పలచని ద్రవాలు ఇవ్వొచ్చని ఎనస్థీషియా మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. పాలు ఆ పలచని ద్రవాల కిందికి రావు.

కొన్ని ఆస్పత్రుల్లో ముందు రాత్రి, ఆ ఉదయం కార్బోహైడ్రేట్ డ్రింక్ ఇస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు, పేగు లేదా అన్నవాహిక అడ్డుపడినవాళ్లకు రూల్స్ వేరు. చివరి మాట మీ మత్తు డాక్టరుది. ఒక్క ప్రశ్న అడిగి టైము రాసుకోండి: "చివరిసారి తిండి ఎన్నింటికి, నీళ్లు ఎన్నింటికి?" ఆపరేషన్ ఆలస్యమైతే మళ్లీ అడగండి. లిస్టులో చివర ఉన్న పేషెంటు రోజంతా ఎండిపోయి కూర్చోవడం వార్డుల్లో మామూలుగా కనిపించేదే.

11. ఆపరేషన్ తర్వాత

గ్యాస్ పోయేదాకా నోటికి ఏమీ ఇవ్వకూడదనే పాత పద్ధతి చాలా ఆపరేషన్లలో మారింది. పెద్దపేగు ఆపరేషన్ల తర్వాత కూడా చాలామందికి కొన్ని గంటల్లోనే పలచని ద్రవాలు మొదలుపెడతారు. అన్నవాహిక, కడుపు, క్లోమం ఆపరేషన్లలో అతుకు వేసిన చోటును బట్టి సర్జన్ నిర్ణయిస్తారు. అప్పుడు పేగులోకి పెట్టిన ట్యూబ్ ద్వారా 24 గంటల్లోపే పోషణ మొదలుపెట్టొచ్చు. రౌండ్స్‌లో అడగాల్సినవి:

- నోటితో ఎప్పటి నుంచి? ఏది ముందు?
- ఇవ్వకపోతే ట్యూబ్ ఫీడ్ ఎప్పుడు?
- ఈ రోజు మంచం దింపి కూర్చోబెట్టొచ్చా, నడిపించొచ్చా?
- నొప్పి మాత్ర నడకకు ముందు ఇవ్వగలరా?

చివరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ నొప్పి ఉంటే ఎవరూ నడవలేరు, దగ్గలేరు.

12. ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ కాగితంలో మందులన్నీ ఉంటాయి, తిండి గురించి ఒక్క లైను ఉంటే గొప్ప. వచ్చే ముందే డైటీషియన్ దగ్గర కేలరీలు, ప్రొటీన్ అంకెలతో సహా రాయించుకోండి. ప్రొటీన్ లక్ష్యం ముందులాగే కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు. సప్లిమెంట్‌ను డిశ్చార్జ్ రోజు ఆపేయొద్దు.

కడుపు మొత్తం తీసేసినవాళ్లకు విటమిన్ బి12 ఇంజెక్షన్లు జీవితాంతం కావాలి. తిన్న వెంటనే గుండెదడ, చెమటలు, విరేచనాలు వస్తే ఒక్కసారి తినేది తగ్గించి, తీపి పానీయాలు ఆపి, నీళ్లను భోజనానికి దూరంగా జరపండి.

పాత నోట్‌బుక్ తీసి వారానికోసారి బరువు, కుర్చీ పరీక్ష మళ్లీ రాయండి. బరువు రెండు వారాలు వరుసగా తగ్గినా, సగం తిండి కూడా దిగకపోయినా రివ్యూ తేదీ దాకా ఆగొద్దు. జ్వరం, గాయం నుంచి చీము, ఆగని వాంతులు, పిక్క ఒకవైపే వాచి నొప్పి, ఆయాసం ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆపరేషన్ తర్వాత మళ్లీ కీమో ఉందంటే, తేదీ వేసే రోజు ఆ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి. మోతాదు నిర్ణయించేటప్పుడు ఇప్పటి బరువు కావాలి, ఆపరేషన్‌కు ముందుది కాదు.